టు-లెట్ బోర్డు పెట్టాక మతం అడగవచ్చా?

నమస్కారం. విశాఖలో అద్దె ఇంటి కోసం తిరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వీధుల్లో గేట్లకు టు-లెట్ బోర్డులు వేలాడుతుంటాయి. బోర్డు మీద అద్దె ఎంతో ఉండదు గానీ, ‘శాకాహారులకు మాత్రమే’ అని కొన్నింటి మీద ఉంటుంది. రాయడానికి మొహమాటపడ్డ మిగతా ప్రశ్నలు ఫోనులో వస్తాయి.

నా మిత్రుడొకరు ముస్లిం. ఇల్లు నచ్చింది, అద్దె కుదిరింది, అడ్వాన్సు పట్టుకుని వెళ్లాడు. రసీదు రాయబోతూ ఇంటావిడ పేరు అడిగారు. చెప్పగానే పెన్ను పక్కన పెట్టేశారు. ‘‘ఏమీ అనుకోకు బాబూ, మాకు పూజలూ మడీ ఉన్నాయి, అత్తగారు ఒప్పుకోరు’’ అన్నారు. కసిరింది లేదు, మంచినీళ్లు కూడా ఇచ్చారు. ఆమె భక్తి నిజమైనదే, దాన్ని నేను శంకించను. అయినా ఆమె చేసింది అన్యాయమనే అంటాను.

ఈ తగవు ప్రపంచమంతటా ఉంది. అమెరికాలోని కొలరాడోలో 2012లో ఇద్దరు పురుషులు తమ పెళ్లి కేకు అడిగితే, తన మతం ఒప్పుకోదని బేకరీ యజమాని కాదన్నారు. 2018లో సుప్రీంకోర్టు 7-2తో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కారణం, విచారించిన రాష్ట్ర కమిషన్ ఆయన మతాన్ని చిన్నచూపు చూసిందని. అసలు ప్రశ్న తేలలేదు. అంతకు యాభై ఏళ్ల ముందే, 1968లో, దక్షిణ కరోలినాలోని ఒక రెస్టారెంట్ల యజమాని నల్లవారికి తెల్లవారితో సమానంగా వడ్డించడం తన మతానికి విరుద్ధమని వాదించారు. ఆ వాదన పరిశీలనకే తగదని అదే కోర్టు కొట్టిపారేసింది. ఆ రోజు ఆయన నోట వచ్చిన మాటకూ ఇక్కడ మనం వినే ‘మడి’కీ నాకు పెద్ద తేడా కనిపించదు.

మన రాజ్యాంగం ఈ విషయంలో ముందే మేలుకుంది. దుకాణాలు, హోటళ్లలోకి మతం, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఎవరినీ ఆపకూడదని 15(2) అధికరణ చెబుతుంది. ఇది ప్రభుత్వానికే కాదు, వ్యాపారికీ వర్తిస్తుంది. సేవ కోరి వచ్చిన వారెవరికైనా సేవ చేయడానికి యజమాని సిద్ధపడ్డ చోటల్లా దుకాణమేనని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు. అంటరానితనం పేరుతో సరుకు అమ్మకపోయినా, సేవ నిరాకరించినా 1955 నాటి చట్టం కింద నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు.

అద్దె ఇల్లు మాత్రం ఆ అధికరణలో పేరు పెట్టి లేదు. నా మిత్రుడు నలిగింది సరిగ్గా అక్కడే.

ద్వారకానగర్‌లో శాకాహార హోటలుకు వెళ్లి చేపల పులుసు లేదేమని ఎవరూ తగవు పెట్టుకోరు. ఏం వండాలో వారిష్టం. అదే హోటలులో ఇంటిపేరు కనుక్కుని ఇడ్లీ పెడితే ఊరుకుంటామా? ఇల్లూ అంతే. ‘మా ఇంట్లో మాంసం వండకండి’ అనేది ఒక షరతు. నచ్చినవారు ఒప్పుకుంటారు, లేకపోతే ఇంకో ఇల్లు చూసుకుంటారు. ‘మీవాళ్లకు ఇవ్వం’ అంటే ఏ షరతుకు ఒప్పుకున్నా గుమ్మం ఎక్కనివ్వరన్నమాట. నా మిత్రుడు మాంసం వండనని కూడా చెప్పాడు! చాలాచోట్ల శాకాహారం అనే మాట కులం అడగడానికి చాటు మాత్రమే. చేపలరేవు ఉన్న ఊళ్లో ఆ ప్రశ్న ఎవరిని ఏరివేస్తుందో అందరికీ తెలుసు.

తానుంటున్న ఇంట్లోనే ఒక గది ఇచ్చే వృద్ధురాలి సంగతి వేరని నేనూ ఒప్పుకుంటాను. అమెరికా 1968 గృహ చట్టం కూడా, యజమాని స్వయంగా నివసించే, నాలుగు వాటాలకు మించని ఇంటికి మినహాయింపు ఇచ్చింది. అలాంటి ఇంటికి కూడా ఫలానా మతంవారు వద్దని ప్రకటన వేయడం మాత్రం కుదరదంది. నాలుగంతస్తులు కట్టి, బ్రోకరును పెట్టి, నెలనెలా అద్దెలు వసూలు చేసుకునేవారిది వ్యాపారం. వారికి ఆ మినహాయింపు ఎందుకు?

మన రాష్ట్ర అద్దె చట్టంలో ఒక్క నిబంధన చేర్చమని అడుగుతున్నాను. మతం, కులం కారణంగా ఇల్లు నిరాకరించకూడదు, బ్రోకరు ఆ ప్రశ్న అడగకూడదు. మీ ఎమ్మెల్యే ఈసారి మీ వీధికి వచ్చినప్పుడు రోడ్డు గురించి, డ్రైనేజీ గురించి ఎలాగూ అడుగుతారు. దీని గురించి కూడా అడగండి.