వెనక్కి జరిగే ఆపరేషన్ తేదీ

శ్రోతలకు నమస్కారం.

గాంధీ అయినా, ఉస్మానియా అయినా, నిమ్స్ అయినా, మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి అయినా, వార్డు బయట బెంచీల మీద తరచూ వినిపించే మాట ఒకటుంది: "డేట్ ఇచ్చిండ్రు, మళ్లీ మార్చిండ్రు." హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, కంటిశుక్లం, మోకాలి కీలు మార్పిడి వంటివి ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్లు. ప్రాణాపాయంలో ఉన్న మనిషి వస్తే వీటిని ఆపక తప్పదు, ఆపాలి కూడా. కానీ చేతులారా పోగొట్టుకుంటున్న తేదీలూ ఉన్నాయి. ఈ పూట వాటి గురించే మాట్లాడుకుందాం.

ముందు చిన్న లెక్క. ఒక సర్జరీ యూనిట్‌కు వారంలో 2 రోజులు థియేటర్ ఉందనుకుందాం. రోజుకు 4 కేసులు, వారానికి 8. ఓపీలో కూడా వారానికి 8 మందికే ఆపరేషన్ రాస్తున్నారు. వచ్చేదీ పోయేదీ సమానం కనుక వరుస పెరగదు. ఇప్పుడు వారానికి ఒక్క కేసు క్యాన్సిల్ అయిందనుకోండి. ఏడాది తిరిగేసరికి 52 మంది మిగిలిపోతారు, అంటే ఆ యూనిట్‌కు ఆరున్నర వారాల పని. ఖాళీగా పోయిన టేబుల్ సమయం మళ్లీ రాదు.

క్యాన్సిల్ ఎందుకవుతుంది? చాలాసార్లు మత్తు డాక్టరు పరీక్ష, అంటే పీఏసీ దగ్గర. బీపీ 180/110 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. మూడు నెలల సగటు చక్కెర చూపే హెచ్‌బీఏ1సీ 8.5 దాటితే, గాయం మానదనీ చీము పడుతుందనీ వెనకాడతారు. ఆపరేషన్‌కు వారం ముందు తీపి మానేస్తే ఆ అంకె దిగదు. రక్తహీనతా అంతే. ఐరన్ మాత్రలు పనిచేసి హిమోగ్లోబిన్ పెరగడానికి కొన్ని వారాలు కావాలి. ఈ మూడూ ఆపరేషన్ రాసిన రోజే, ఓపీలోనే చూడాల్సినవి. అలా చూస్తే వేచి ఉండే కాలమంతా వైద్యకాలమవుతుంది. అడ్మిషన్ రోజున చూస్తే మంచమూ పోతుంది, టేబులూ పోతుంది. మా దృష్టిలో మార్చాల్సిన మొదటి పద్ధతి ఇదే.

ఇక వరుస రాసే పుస్తకం. పేరు, తేదీ రాసుకుంటే చాలదు. ఏ ఆపరేషన్, ఎంతసేపు పడుతుంది, ఐసీయూ మంచం కావాలా, రక్తం ఎన్ని యూనిట్లు, పీఏసీ అయిందా, ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చిందా, రెండు ఫోన్ నంబర్లు, ఇవన్నీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎంత త్వరగా చేయాలన్నది. ఆస్ట్రేలియాలో ప్రతి రోగినీ 30, 90, 365 రోజుల గడువుల్లో ఒకదానిలో పెడతారు. ఒకే గడువులో ఉన్నవాళ్లలో ముందు పేరు రాయించుకున్నవారిది ముందు వంతు. ఈ నియమం గోడ మీద అందరికీ కనబడితే సిఫారసు ఫోన్లకు చోటు తగ్గుతుంది. ఆసుపత్రి వల్ల వాయిదా పడిన మనిషి వరుస చివరికి వెళ్లకూడదు. పాత తేదీతోనే, వచ్చే థియేటర్ రోజున ముందు నిలబడాలి.

ఆ పుస్తకాన్ని నెలకోసారి ఫోన్లు చేసి సరిచూడాలి. కొందరు వేరే చోట చేయించుకుని ఉంటారు, కొందరు రెండు ఆసుపత్రుల్లో పేరు రాయించి ఉంటారు. అమావాస్య రోజున, మూఢంలో, పండగ వారంలో రానివాళ్లు ఉంటారు. ఎండాకాలంలో కంటి ఆపరేషన్ వద్దనుకునేవాళ్లూ ఉంటారు. ఈ నమ్మకం పోవాలి. ఎండలకు భయపడి ఆపరేషన్ ఆపుకోనక్కర్లేదు, అందరూ చలికాలానికే ఆగితే వరుస అప్పుడు పొడుగవుతుంది. రెండు రోజుల ముందు ఒక్క ఫోన్ చేస్తే, రానివారి చోటులో పీఏసీ పూర్తయిన దగ్గరి బస్తీవారిని పిలవవచ్చు.

ఆ రోజు లిస్టులో వరుసకూ కారణాలుంటాయి. పసిపిల్లలు, షుగరు ఉన్నవారు ఎక్కువసేపు పస్తుండలేరు కనుక ముందు. చీము ఉన్న కేసు చివర. మొదటి కేసు అరగంట ఆలస్యమైతే దెబ్బ పడేది చివరి పేరు మీద. వైద్యపరంగా తేడా లేనప్పుడు ఆ చివరి చోటు ఆదిలాబాద్ నుంచి వచ్చినవారికి ఇవ్వడం అన్యాయం.

మీ వైపు నుంచి కొన్ని. నంబరు మారితే వెంటనే చెప్పండి. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో ఇప్పుడే చూసుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. సందేహముంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గానీ, 104ను గానీ అడగండి. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందే మానండి. గుండెలో స్టెంట్ ఉండి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతుంటే మొదటి రోజే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి. ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి తిండి వద్దు. పాలు కలిసిన చాయ్ కూడా తిండి కిందే లెక్క. గుక్కెడు చాయ్‌తో తేదీ పోతుంది. మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు వరకు తాగవచ్చు, అయితే మీ మత్తు డాక్టరు చెప్పిన మాటే పాటించండి.

ఒక్క విషయం మరవకండి. హెర్నియా గడ్డ లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి పెడుతున్నా, వాంతులవుతున్నా, పిత్తాశయంలో రాళ్లున్నవారికి జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఇంకా తేదీ రాలేదు కదా అని ఇంట్లో కూర్చోకండి. అర్ధరాత్రి అయినా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.