బోను ఖాళీగా ఉందని వెళ్లిపోకండి | గోదావరి డెల్టాలో చిన్న జూ, కొత్త పక్షులు, కొత్త ఎన్‌క్లోజర్లు | ఫుల్ రివ్యూ

నమస్తే అండి. ఈసారి తిండి వీడియో కాదు. పులస ఎప్పుడు చేస్తారని అడుగుతున్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి, గోదావరికి ఎర్రనీళ్లు రానివ్వండి, చేద్దాం. ఇప్పుడైతే మనం ఒక జూకి వచ్చాం. జూ అనగానే విశాఖపట్నమో హైదరాబాదో ఊహించుకోకండి. ఇది చిన్నది. కాలవ గట్టు పక్కన, కొబ్బరితోటల మధ్యలో ఉంది, గంటన్నరలో మొత్తం తిరిగేయొచ్చు, పులీ లేదు, సింహమూ లేదు. పక్షులే ఎక్కువ. ఈమధ్య కొత్త ఎన్‌క్లోజర్లు కట్టి కొన్ని అరుదైన పక్షుల్ని తెచ్చారని తెలిసి వచ్చాను. పేరు, మ్యాపు, టికెట్ ధర అన్నీ స్క్రీన్ మీద వేశాను, కింద డిస్క్రిప్షన్‌లో కూడా ఉన్నాయి.

గేటు దగ్గరే ఒక చిన్న తొట్టి ఉంది చూడండి, మందు కలిపిన నీళ్లు, చెప్పులతో అందులో అడుగుపెట్టి వెళ్లాలి. నా ముందున్న కుటుంబం దాన్ని దాటేసి గెంతి వెళ్లిపోయింది, పిల్లల్ని కూడా ఎత్తి అవతల దింపారు, పట్టుచీర తడుస్తుందంట. అండీ, 2025 ఫిబ్రవరి గుర్తుందా? తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది, హెచ్5ఎన్1. చికెన్ కొట్లు ఖాళీ అయిపోయాయి, గుడ్డు ముట్టుకున్నవాడు లేడు. ఆ వైరస్ పక్షి రెట్టలో ఉంటుంది, రెట్ట మన చెప్పుకి అంటుతుంది, ఆ చెప్పుతోనే మనం జూలోకి వస్తాం. ఇంటి పెరట్లో నాటుకోళ్లున్నవాళ్లు మన దగ్గర ఎంతమందండీ? సగం మంది ఉంటారు. అందుకని ఆ తొట్టిలో అడుగు పెట్టండి. చీర ఆరిపోతుంది.

సరే, లోపలికొస్తే మొట్టమొదట మకావ్‌లు. నీలం, పసుపు రంగువి, దక్షిణ అమెరికా పెద్ద చిలకలు, బాగా చూసుకుంటే యాభై ఏళ్లు పైనే బతుకుతాయి. రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం, ఒప్పుకుంటాను. జనం అంతా ఇక్కడే ఉన్నారు, సెల్ఫీలు, రీల్సు, "మాట్లాడవే మాట్లాడవే" అని గోల. కొత్త ఎన్‌క్లోజర్ అంటే ముందు వైపు మొత్తం అద్దం పెట్టారు, వెనక గోడ మీద జలపాతం బొమ్మ వేశారు. నాకు మాత్రం ఇది నచ్చలేదండి. అంత పొడవు తోక ఉన్న పక్షి, ఎగరడానికి పుట్టిన పక్షి, ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి గెంతడానికి సరిపడా జాగా ఇచ్చారు తప్ప రెక్క పూర్తిగా చాపి నాలుగుసార్లు కొట్టే పొడవు లేదు. గోడ మీద జలపాతం మనకోసం వేశారు, దాని వల్ల ఆ పక్షికి ఒరిగేదేం లేదు. పైగా మధ్యాహ్నం వస్తే ఎండ అద్దం మీద పడి మన మొహాలే మనకి కనిపిస్తాయి. ఈ షాట్ చూడండి, మకావ్ ఎక్కడుందో నాకే తెలీట్లేదు.

దాని పక్క వరస మటుకు బావుంది. పెద్దగా ఎవరూ ఆగట్లేదు గానీ ఆగాల్సింది ఇక్కడ. ఇవి పట్టుబడిన చిలకలు. సంతలో అమ్ముతుంటే, జోస్యం పెట్టెల్లో ఉంటే పట్టుకుని తెచ్చినవి. రామచిలుకని ఇంట్లో పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమండి, ఈ సంగతి చాలామందికి తెలీదు, పైగా 2018 నుంచి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అదే. ఇక్కడ రామచిలుకల మధ్య కొన్ని బాగా పెద్దవి, భుజం మీద ఎర్ర మచ్చ ఉన్నవి కనిపిస్తాయి. ఇవి అలెగ్జాండ్రిన్ చిలకలు. మాటలు బాగా నేరుస్తాయని గూళ్లలోంచి పిల్లల్ని ఎత్తుకుపోయి ఎత్తుకుపోయి చాలాచోట్ల తగ్గిపోయాయి. రెక్కలు కత్తిరించినవాటిని కింద తక్కువ ఎత్తులో కొమ్మలు కట్టి ఉంచారు. ఈకలు రాలి కొత్తవి వచ్చాక అవే పైకి వెళ్తాయట.

మెష్ గురించి ఒక మాట. ఇంట్లో లవ్ బర్డ్స్ పెంచేవాళ్లు ఇది వినండి. కొత్త జీఐ మెష్, అంటే ఇనప వల, తళతళా మెరుస్తుంది కదా, దాని మీద పూత జింకు. చిలక జాతి పక్షి ఎక్కేదీ దిగేదీ ముక్కుతో, కొరుక్కుంటూ ఎక్కుతుంది, ఆ జింకు పొడి కడుపులోకి పోతే విషం. అందుకే కొత్త మెష్‌ని వెనిగర్‌తో తోమి, కడిగి, అప్పుడు వాడాలి. ఇక్కడ నల్ల రంగు వేసిన మెష్ వాడారు. దానివల్ల మనకీ ఒక లాభం ఉంది, మెరుపు ఉండదు కాబట్టి చూపు మెష్ మీద ఆగకుండా లోపలున్న పక్షి మీదకి పోతుంది. ఫోన్‌ని మెష్‌కి బాగా దగ్గరగా పెడితే ఫోటోలో గీతలు కూడా రావు.

హార్న్‌బిల్ దగ్గరకొద్దాం. మలబార్ పైడ్ హార్న్‌బిల్, పేరులో మలబార్ ఉంది గానీ మన పాపికొండల అడవుల్లోనూ ఉంటుంది. నెత్తి మీద ముక్కు పైన ఇంకో ముక్కు మొలిచినట్టుంటుంది. ఎన్‌క్లోజర్‌లో పైన ఒక మూలగా లావుపాటి దుంగ నిలబెట్టారు, దానికి ఒక తొర్ర. నేను వెళ్లినప్పుడు మగపక్షి ఒక్కటే కనిపించింది. పక్కనున్నాయన "జత అన్నారు, రెండోది చచ్చిపోయినట్టుంది" అని తేల్చేశాడు. బతికే ఉందండీ బాబూ, దుంగలో ఉంది! ఈ పక్షుల పద్ధతే అది. గుడ్లు పెట్టే వేళకి ఆడది తొర్రలో దూరి, రెట్టతోనూ పండ్ల గుజ్జుతోనూ ద్వారం మూసేసుకుంటుంది, ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. ఇక మగది రోజూ పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. లోపల ఆడదాని రెక్కల ఈకలు కూడా రాలిపోతాయి, మళ్లీ మొలిచేదాకా ఎగరలేదు. మగపక్షి రాకపోతే అంతే సంగతులు. జూలో హార్న్‌బిల్ తొర్ర మూసుకుందంటే అక్కడ దానికి కాస్త నమ్మకం కుదిరిందన్నమాట. ఇలాంటప్పుడు ఆ బోను ముందు ఈలలు వేసే కుర్రాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.

ఇప్పుడు ఈ వీడియో చేయడానికి అసలు కారణం. వెనక వైపు, వెదురు పొదల దగ్గర, పక్కపక్కనే రెండు కొత్త ఎన్‌క్లోజర్లు. రెండిట్లోనూ అడవికోళ్లు. "కోడిని చూడ్డానికి జూకి రావాలా" అని మీరు నవ్వుతారని తెలుసు, మనం పుట్టిందే కోడికూత వింటూ, సంక్రాంతికి మన దగ్గర కోడి ఎంత పెద్దమనిషో వేరే చెప్పక్కర్లేదు. అయినా వినండి.

ఎడమ పక్కది ఎర్ర అడవికోడి. ప్రపంచంలో మనం తినే, పెంచే, పందెం వేసే కోళ్లన్నిటికీ ప్రధానంగా మూలపురుషుడు ఇదే. కుడి పక్కది బూడిదరంగు అడవికోడి. ఇది సహజంగా మన దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. మెడ మీద ఈకల చివర్లు మైనం చుక్కలు అద్దినట్టు మెరుస్తుంటాయి, ఆ ఈకల కోసమే ఒకప్పుడు వీటిని విపరీతంగా చంపారు, విదేశాల్లో చేపల గాలానికి కట్టే ఎరలకి వాడేవాళ్లు. మరి రెండిటినీ పక్కపక్కన ఎందుకు పెట్టారంటారా? ఎర్రది హిమాలయాల కింద నుంచి, మధ్య, తూర్పు భారతం మీదుగా దక్షిణానికి వచ్చి సుమారుగా గోదావరి దగ్గర ఆగిపోతుంది. బూడిదది దక్షిణం నుంచి, పడమర నుంచి వస్తుంది. గీత గీసినట్టు కాదు గానీ పక్షుల పుస్తకాల్లో ఈ రెండిటికీ హద్దుగా చెప్పేది మన గోదావరినే. రెండు అన్నదమ్ముల వాటాలకి సరిహద్దు మన నది! ఇంత గొప్ప విషయం బోర్డు మీద ఒక్క ముక్క రాయలేదు. సైంటిఫిక్ పేరు రాసి, "ఆహారం: గింజలు, పురుగులు" అని వదిలేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంకోటి. మన నాటుకోళ్లలో చాలావాటికి కాళ్లు పసుపుగా ఉంటాయి కదా. ఎర్ర అడవికోడి కాళ్లు చూడండి, పలక రంగు. మరి పసుపు ఎక్కడిది? 2008లో వచ్చిన జన్యు పరిశోధనలో తేలిందేమిటంటే, ఆ పసుపు చర్మం తెచ్చే జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చింది. అంటే మన పెరట్లో తిరిగే పసుపుకాళ్ల కోడిలో ఈ రెండు బోన్లూ కలిసి ఉన్నాయన్నమాట.

నేను అక్కడ నిలబడి ఉండగానే భీమవరం వైపు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దాయనలు మొదలెట్టారు. ఒకాయన "ఇది డేగ అండి" అంటాడు, రెండో ఆయన "డేగ ఎక్కడిదండీ, మెడ చూడండి, కాకిడేగ" అంటాడు. పందెం కోళ్లకి రంగుని బట్టి పెట్టే పేర్లివి, కుక్కుట శాస్త్రం మొత్తం బయటికొచ్చేసింది. చివరికి కీపర్‌ని పిలిచి "ఏవయ్యా, ఇది బరిలో ఎంతసేపు నిలబడుద్ది?" అని అడిగారు. ఆ కుర్రాడు చాలా వినయంగా "నిలబడదండి, ఎగిరి చింతచెట్టెక్కేద్దండి" అన్నాడు. నిజమే. కిలో అటూ ఇటూ బరువుంటుంది అంతే, పందెం పుంజు ముందు పిల్లాడిలా ఉంటుంది, కానీ మనిషి అలికిడైతే రివ్వున లేచిపోతుంది.

ఆ అలికిడి తెలిసే కట్టారు ఈ రెండు ఎన్‌క్లోజర్లనీ. మన నేల సంగతి తెలుసు కదా, మూడడుగులు తవ్వితే నీళ్లు, నల్లమట్టి, వాన పడితే వారం ఆరదు. తడిగా ఉన్న గడ్డిలో బూజు పట్టి, అది పీల్చి పక్షుల ఊపిరితిత్తులు చెడిపోతాయి. అందుకని ఇక్కడ మెరక చేసి, పైన ఇసక పోసి, ఒక మూల రేకు కప్పి పొడి ఇసక గుంట పెట్టారు. కోడి ఒంటికి దుమ్ము పోసుకుని పొర్లేది పేలు వదిలించుకోడానికి, అది దానికి స్నానం. మిగతా జాగా అంతా పొదలే. చూడ్డానికి వచ్చినవాళ్లకి ముందు ఏమీ కనిపించదు. "ఖాళీ బోను" అని ముందుకెళ్లిపోతారు. గూగుల్‌లో రివ్యూలు చదివితే సగం ఇవే: "పక్షులు లేవు, డబ్బులు వేస్ట్". అయ్యా, పక్షికి దాక్కునే చోటు ఇచ్చారంటే అది మంచి ఎన్‌క్లోజర్. మకావ్ బోనులో లేనిది, ఇక్కడ ఉన్నది అదే. పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి, పెట్టలు వాటంతట అవే ఆకులు గీరుకుంటూ బయటికొస్తాయి. అడవి పెట్టకి నెత్తి మీద జుట్టు దాదాపు కనిపించదు, మన పెట్టలకీ దానికీ తేడా అక్కడ పట్టుకోవచ్చు. పుంజుని మెరిసే మెడతో చూడాలంటే మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా రావద్దు, ఆ నెలల్లో ఎర్ర పుంజు మెడ ఈకలు రాల్చేసి నల్లగా దిగులుగా ఉంటుంది.

నీటిపక్షుల పెద్ద ఎన్‌క్లోజర్ గురించి తొందరగా చెప్పేస్తా. లోపలికి మనమే నడిచి వెళ్లొచ్చు, రెండు తలుపులుంటాయి, ఒకటి మూసుకున్నాకే రెండోది తీయాలి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు). బావుంది, కానీ ఇవే పక్షుల్ని కైకలూరు దగ్గర ఆటపాకలో వందల్లో, గూళ్లతో, పిల్లలతో స్వేచ్ఛగా చూడొచ్చు, కాబట్టి నాకు అంత ఊపు రాలేదు. తమాషా ఏంటంటే, బయట ఊరి కొంగలు వచ్చి మెష్ పైన వాలి లోపలి చేపల వైపు ఆశగా చూస్తున్నాయి. బర్డ్ ఫ్లూ టైంలో అదే పెద్ద టెన్షన్, పైనుంచి రెట్ట లోపల పడుతుంది. సగం వరకైనా రేకు వేయాలి. గాలివాన మాటేమిటని కూడా అడిగాను. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమవాళ్లకి ఆ ప్రశ్న విడమరిచి చెప్పక్కర్లేదు, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ జూలోనే చెట్లూ గోడలూ కూలిపోయాయి. ఇక్కడ ప్రతి ఎన్‌క్లోజర్ వెనకా చిన్న స్లాబు గది ఉంది, హెచ్చరిక రాగానే పక్షుల్ని అందులోకి తోలి తలుపు వేస్తారట. మకావ్‌లకీ ఉంది, ఆ మార్కు వాళ్లకి ఇవ్వాలి.

ఈములు ఉన్నాయి, ఒకప్పుడు ఈము పెంచితే కోటీశ్వరులైపోతామని అప్పులు చేసినవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు, వాళ్లని ఇటు తీసుకురాకండి. చైనా నుంచి వచ్చిన బంగారు ఫెజెంట్లు అనే కోడిజాతి పక్షులు ఉన్నాయి, ఫోటోకి బావుంటాయి.

బాలేనివి: బోర్డులు చెప్పాను. తాగే నీళ్లు ఒకే చోట, అదీ గేటు దగ్గర. నీడ లేని దారి ఒకటుంది, ఎండాకాలం ముసలివాళ్లు నడవలేరు. బాత్రూములు పొద్దున్న శుభ్రంగా ఉన్నాయి, మధ్యాహ్నానికి లేవు.

వెళ్తే పొద్దున్న తెరవగానే వెళ్లండి, సోమవారం సెలవు. ముందు మకావ్‌ల దగ్గర ఆగకుండా నేరుగా వెనక్కి, అడవికోళ్ల దగ్గరికి పొండి, పది దాటితే అవి నీడలోకి వెళ్లిపోతాయి. చిప్స్ ప్యాకెట్లు, జంతికలు గేటు దగ్గరే తీసుకుని ఉంచుతారు, వాదన పెట్టుకోకండి, జూలో జంతువుకి తిండి పెట్టడం, ఏడిపించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ కింద నేరం. జంతికలు మాత్రం తిరిగొచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇచ్చారు, ఒక్కటి తగ్గలేదు.