మూడు నెలలకోసారి వచ్చే వడ్డీని నెల జీతంగా మార్చుకుందాం

అందరికీ నమస్కారమండీ. నేను పోస్టాఫీసు కౌంటర్లో 31 ఏళ్ళు కూర్చుని రిటైరయ్యాను. సీనియర్ సిటిజన్ స్కీములో డబ్బు ఎలా వెయ్యాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అడిగింది వేరే: "వేశాం సరే, వచ్చిన వడ్డీతో ఇల్లెలా నడపాలండీ?" ఇవాళ అదే లెక్క వేసి చూపిస్తాను. ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి.

రాజమండ్రిలో సొంతిల్లున్న ఒక జంట అనుకుందాం. ఆయన ప్రైవేటు ఉద్యోగం చేసి 60కి దిగిపోయారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 38 లక్షలు చేతికొచ్చాయి. ఈపీఎస్ పెన్షన్ నెలకు 3,000. పిల్లల సంసారాలు పిల్లలవి.

ఈ స్కీములో ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. 2023 ఏప్రిల్‌కు ముందు 15 లక్షలే ఉండేది. అప్పుడే వడ్డీ కూడా 8.2 శాతం చేశారు, నా లెక్కంతా ఆ రేటు మీదే. రేటు మూడు నెలలకోసారి ప్రకటిస్తారు కాబట్టి మీరు వేసే రోజు ఎంతుందో అడగండి. ఆ రోజున్న రేటే మీకు అయిదేళ్ళూ ఉంటుంది.

రాసుకోండి. 30 లక్షల మీద ఏడాదికి 2,46,000. అంటే మూడు నెలలకు 61,500. ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి ఒకటో తారీఖుల లెక్కన వస్తుంది. మే నెల మధ్యలో వేస్తే జూలైలో పూర్తి 61,500 రాదండీ, ఉన్న రోజులకే వస్తుంది. మొదటిసారి చాలామంది కంగారు పడేది ఇక్కడే. అందుకే మిగిలిన 8 లక్షల్లో ఒక లక్ష సేవింగ్స్‌లో ఉంచాలి, ఈ మొదటి నెలల కోసం. 4 లక్షలు ఒక బ్యాంకులో, 3 లక్షలు ఇంకో బ్యాంకులో ఎఫ్‌డీ. రెండు బ్యాంకులెందుకంటే, బ్యాంకు మూతపడితే ఇన్సూరెన్స్ కింద వచ్చేది ఒక్కో బ్యాంకుకు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే. 4 లక్షల మీద వడ్డీ ఆరోగ్య బీమా ప్రీమియానికి పనికొస్తుంది. 3 లక్షలు ఆసుపత్రికి. వాటిని మర్చిపోండి.

ఇప్పుడు అసలు పని. రెండు సేవింగ్స్ ఖాతాలు కావాలి. వడ్డీ వచ్చిపడేదాన్ని ఖజానా అందాం, రెండోది ఇంటి ఖాతా. ప్రతి నెలా ఒకటో తారీఖున ఖజానా నుంచి ఇంటి ఖాతాకు 16,000 దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వండి. ఈపీఎస్ 3,000 కూడా అందులోనే పడితే 19,000. అదే మీ జీతం. పాలు, బియ్యం, గ్యాసు, కరెంటు, మందులు అన్నీ అందులోంచే.

ఏటీఎం కార్డూ, ఫోన్‌పే ఇంటి ఖాతాకే పెట్టుకోండి. ఖజానాకు కార్డు వద్దు, యూపీఐ వద్దు. "మీ మీద కేసుంది, డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం" అని వీడియో కాల్ చేసి బెదిరించి పెద్దవాళ్ళ ఖాతాలు ఊడ్చేస్తున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు. భయంలో ఆ మాట గుర్తు రాకపోయినా, ఫోన్లోంచి పోయేది ఆ నెల డబ్బు వరకే. జీవితాంతం దాచుకున్నది పోగొట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి ముఖం నేను చూశాను. ఈ ఒక్క పని మాత్రం ఇవాళే చెయ్యండి.

ఇంకో సంగతి. ఏడాది వడ్డీ లక్ష దాటితే 10 శాతం టీడీఎస్, అంటే పన్ను కింద ముందే పట్టుకుంటారు. 61,500లో 6,150 ఆగిపోతుంది. ఈ జంటకు పన్ను పడేంత ఆదాయం లేదు కాబట్టి ఆ సంగతి చెప్పే ఫారం, మనం 15హెచ్ అని పిలిచేది, ఏటా ఏప్రిల్‌లో ఇచ్చేయాలి.

మూడు నెలలకు 48,000 జీతం పోను ఖజానాలో 13,500 మిగులుతుంది. ఏడాదికి 54,000. చాలా ఇళ్ళలో లెక్క తప్పేది ఇక్కడే, ఎందుకంటే నెల ఖర్చు అందరూ రాస్తారు, ఏడాది ఖర్చు రాయరు. ఇంటి పన్ను, సంక్రాంతికి కూతురికీ అల్లుడికీ బట్టలు, మనవడి పుట్టినరోజు, శ్రావణంలో పెళ్ళిళ్ళు. చదివింపులకు ఒక్కో పెళ్ళికి 1,116 అనుకున్నా ఆరు పెళ్ళిళ్ళకు 6,696, బస్సు ఛార్జీలు వేరే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇచ్చినంతే ఇవ్వకపోతే నలుగురూ ఏమనుకుంటారో అని బాధపడకండి. మీరు వెళ్ళి అక్షింతలు వెయ్యడమే వాళ్ళకు ముఖ్యం. వీటన్నిటికీ ఏడాదికి 24,000 రాద్దాం.

మిగిలిన 30,000 నెలకు 2,500 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో కట్టండి. అయిదేళ్ళకు కట్టిందే లక్షన్నర, పైన వడ్డీ. రిటైరయ్యాక కూడా దాచడమేమిటి అంటారేమో. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్ళకు రెట్టింపవుతాయి. ఇవాళ 19,000తో నడిచే ఇంటికి 72వ ఏట 38,000 కావాలి. వడ్డీ మాత్రం పెరగదు.

ఆర్‌డీ ఒక్కటే ఆ తేడా పూడుస్తుందా? పూడ్చదండీ. అప్పుడు అసలులోంచి తియ్యాలి. "అసలు ముట్టుకోకూడదు, పిల్లలకివ్వాలి" అని మందులు సగం కొనుక్కునేవాళ్ళున్నారు. ఆ డబ్బు మీ ముప్పై ఏళ్ళ చాకిరీ. 75 దాటాక ఏడాదికి లక్షో రెండు లక్షలో అసలులోంచి తీసుకోవడం తప్పు కానే కాదు. ఇల్లు ఎలాగూ పిల్లలదే కదా.

ఇప్పుడు ఆ పేజీ చింపకుండా అలాగే ఉంచి, ఇంట్లో ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించండి. ఖాతా నంబర్లు, నామినీ ఎవరో, పాస్‌బుక్కు ఏ బీరువాలో ఉందో కింద ఆవిడ చేతే రాయించండి.