అప్‌సైడ్ డౌన్ క్యాట్‌ఫిష్: ఈత కాదు, పొట్ట చూసి కొనండి

[తెరపై: మొక్కలున్న అక్వేరియం. ఓ చిన్న చేప వెల్లకిలా ఈదుకుంటూ పైకి వస్తుంది.]

కంగారు పడకండి, ఇది చావలేదు. చేప వెల్లకిలా తేలిందంటే ఎవరికైనా టెన్షనే. కానీ దీని నడకే అంత. షాపుల్లో అప్‌సైడ్ డౌన్ క్యాట్‌ఫిష్ అంటారు. శాస్త్రీయ నామం సైనోడాంటిస్ నైగ్రివెంట్రిస్. ఊరు మధ్య ఆఫ్రికాలోని కాంగో నదీ ప్రాంతం. బాగా ఎదిగినా 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అంతే.

తలకిందులుగా ఈదుతోంది కాబట్టి అదే జాతి అనుకుని చాలామంది కొనేస్తారు. అక్కడే తేడా కొడుతుంది. సైనోడాంటిస్‌లలో వందకు పైగా జాతులున్నాయి. వాటిలో చాలా చేపలు అప్పుడప్పుడూ వెల్లకిలా తిరుగుతాయి. కాబట్టి ఈత వదిలేసి ముందు పొట్ట చూడండి.

[తెరపై: పక్కపక్కన శీలావతి, అప్‌సైడ్ డౌన్ క్యాట్‌ఫిష్.]

మన బొచ్చె, శీలావతి తీసుకోండి. వీపు ముదురు, పొట్ట తెలుపు. పైనుంచి కొంగ చూస్తే ముదురు వీపు నీటి లోతులో కలిసిపోతుంది. కిందనుంచి పెద్ద చేప చూస్తే తెల్ల పొట్ట ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. ఇక్కడ అంతా ఉల్టా. ఆకాశం వైపు ఉండేది పొట్ట కదా, అందుకే పొట్టే ముదురు, వీపు లేత. ఒంటి మీద గోధుమరంగులో ముదురు మచ్చలు. కళ్లు తలకు కాస్త పెద్దవే. మూడు జతల మీసాలు, వాటిలో కింది దవడ మీదున్న రెండు జతలకూ చిన్న చిన్న కొమ్మలుంటాయి.

అసలు ఎందుకీ తిప్పలు? ఒకటి తిండి. నీటి మీద పడ్డ పురుగులు, మునిగిన కొమ్మల అడుగున పట్టిన నాచు. రెండోది ఊపిరి, నాకు ఎక్కువ నచ్చేది ఇదే. ఎండిపోయే మడుగుల్లో ఆక్సిజన్ తగ్గితే, కాస్త ఎక్కువ మిగిలేది గాలిని తాకే పలచటి పై పొరలోనే. క్యాట్‌ఫిష్ నోరు తల కిందివైపు ఉంటుంది. మామూలుగా ఈదే చేప ఆ పొర అందుకోవాలంటే ఒళ్లంతా నిటారుగా ఎత్తాలి. వెల్లకిలా తిరిగితే నోరు నేరుగా అక్కడికే వస్తుంది.

పుట్టుకతో వచ్చిన విద్య కూడా కాదు. పిల్లలు మొదట అన్ని చేపల్లాగే ఈదుతాయి. సుమారు రెండు నెలలకు తిరగబడతాయి. అందుకే షాపులో బుల్లి పిల్ల తిన్నగా ఈదుతోందని వదిలేయక్కర్లేదు.

[తెరపై: పక్కనుంచి లైటు పడుతున్న ట్యాంకు.]

మామూలు చేప పైవైపు ఏదో వెలుగును బట్టి కూడా పోల్చుకుంటుంది, అందుకే పక్కనుంచి లైటు వేస్తే వీపును అటు వంచుతుంది. ఇది వంగదు. జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని విమానంలో ఎక్కించి, కొన్ని సెకన్ల భారరహిత స్థితిలో ఎలా నిలదొక్కుకుంటుందో కూడా పరీక్షించారు.

ఈ ఈత మీద మోజు కొత్తది కాదు. నైలు నదిలో దీని చుట్టం సైనోడాంటిస్ బాటెన్‌సోడా ఉంది. ఈజిప్టులోని సక్కారాలో పిరమిడ్ల కాలం నాటి సమాధి గోడల మీద దాన్ని తలకిందులుగానే చెక్కారు.

[తెరపై: రెండు పిల్ల చేపలు, దగ్గరగా.]

ఇప్పుడు అసలు చిక్కు. ఎడమవైపుది మన చేప. కుడివైపుది సైనోడాంటిస్ యూప్టెరస్, ఫెదర్‌ఫిన్ అంటారు. చిన్నప్పుడు మచ్చలు, మీసాలు దాదాపు ఒకటే. పెద్దయ్యాక దాని వీపు రెక్క అంచులు పోగుల్లా సాగుతాయి, ఒళ్లు 30 సెంటీమీటర్ల దాకా పెరగగలదు. రెండడుగుల ట్యాంకులో దాన్ని ఏం చేసుకుంటారు? పొట్ట వీపుకంటే నల్లగా లేకపోతే అనుమానించండి. ఫారాల్లో హార్మోన్ ఇంజెక్షన్లతో రెండు జాతుల్ని కలిపి పుట్టించిన సంకరాలూ వస్తాయి. మచ్చలు మరీ అందంగా, ఏ జాతికీ సరిపోకుండా ఉంటే నేనైతే కొనను.

కొన్నాక ఒక్క జాగ్రత్త. జెల్ల చేప శుభ్రం చేసినవాళ్లకు దాని ముల్లు సంగతి తెలుసు. దీనికీ వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ఉంటాయి. భయపడితే మూడూ నిక్కబొడుచుకుని లాక్ అవుతాయి. పక్క ముళ్లను కుదుళ్లలో రాపాడించి కీచుమంటుంది కూడా. వలతో పట్టారంటే ముళ్లు దారాల్లో చిక్కుకుంటాయి, లాగితే చేపకు గాయం. చిక్కుకుంటే చేపను లాగకుండా, నీళ్లలోనే ఉంచి ఆ దారాలు కత్తిరించేయండి, వల పోతే పోయింది. అసలు వలే వద్దు. ప్లాస్టిక్ డబ్బా నీళ్లలో ముంచి, చేపను మెల్లగా అందులోకి తోలండి.