పిల్లి పగబట్టదండి

అందరికీ నమస్కారం. పిలిచినవాళ్లకి, సెలవు రోజు కూడా ఓపిగ్గా వచ్చి కూర్చున్న మీకు థ్యాంక్స్. పిల్లి మనతో ఏం చెబుతోందో ఎలా తెలుసుకోవాలో తోక, చెవులు, కళ్లు అని వరసగా చెప్దామని కాగితం మీద రాసుకొచ్చాను.

తోకతో మొదలెడతా. తోక నిటారుగా లేపి మీ వైపు వస్తోందంటే పలకరిస్తోందని. అదే తోకని అటూ ఇటూ విసురుతూ నేలకేసి కొడుతోందంటే ఇక చాలు, చెయ్యి తియ్యి అని. చాలామంది అది సంతోషం అనుకుని ఇంకా నిమురుతారు, అది రక్కుతుంది, వెంటనే పిల్లికి విశ్వాసం లేదు అనేస్తారు. అది ముందే చెప్పింది కదండీ!

విశ్వాసం మాట వచ్చింది కాబట్టి మా బంధువులింట్లో పిల్లి సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. మగపిల్లి, బుద్ధిగా లిట్టర్ ట్రే, అంటే మలమూత్రాలకి పెట్టే ఇసుక పళ్లెం, వాడేది. ఉన్నట్టుండి బాత్రూం మూల, చాప మీద, చివరికి మంచం మీద దుప్పటి మీద మూత్రానికి కూర్చోవడం మొదలెట్టింది. వీళ్లు ఊరెళ్లొచ్చారు కదా, వదిలేసి వెళ్లామని పగబట్టింది అన్నారు. తిట్టారు, గదిలో పెట్టి తలుపేశారు. నేను వెళ్లిన పూట చూస్తే దుప్పటి మీద రెండే రెండు చుక్కలు, ఒకటి ఎర్రగా. అది వంగి కూర్చుంటోంది, ముక్కుతోంది, లేస్తోంది, మళ్లీ కూర్చుంటోంది, మధ్యమధ్యలో వెనక అదేపనిగా నాక్కుంటోంది. ఒళ్లో పెట్టుకుంటే గురగురమంది. చూశావా, బానే ఉంది అన్నారు. బతిమాలి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. మూత్రనాళం మూసుకుపోయింది. దక్కలేదు.

మగపిల్లికి ఆ నాళం చాలా సన్నం. స్ఫటికాలో జిగురో అడ్డం పడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె దెబ్బతింటుంది, ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. పగ ఎక్కడుందండీ ఇందులో? ట్రేలో కూర్చున్నప్పుడల్లా నొప్పి, అందుకే ట్రే అంటే భయం, ఇంకెక్కడైనా నొప్పి ఉండదేమోనని వెతుక్కుంది. అంతే.

ఆ గురగుర కూడా సంతోషానికే అనుకోకండి. నొప్పిలో ఉన్నా, భయపడినా, ఈనేటప్పుడు కూడా గురగురమంటాయి. మరి ఎలా తెలుస్తుంది? ముఖం చూడాలి. 2019లో కెనడాలోని మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్లు ముఖం చూసి నొప్పి అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు: చెవులు పక్కలకి వాలాయా, కళ్లు సగం మూసిందా, మూతి బిగించిందా, మీసాలు బిర్రుగా ముందుకొచ్చాయా, తల భుజాల కంటే కిందకి వాల్చిందా. అయిదే అయిదు. ఇంట్లో మనం కూడా చూడొచ్చు.

ఇంకోటి. పెద్దయ్యాక పిల్లులు ఒకదాన్ని చూసి ఒకటి మ్యావ్ అనడం చాలా అరుదు. చిన్నప్పుడు తల్లిని పిలవడానికి వాడే ఆ పిలుపుని మనతో మాట్లాడ్డానికి దాచుకుంటాయి. అలాంటి జీవికి విశ్వాసం లేదంటారా?

వెనక కూర్చున్నవాళ్లు కూడా వినండి అమ్మా. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని మూత్రం రాకపోతే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. అర్ధరాత్రయినా సరే డాక్టర్ని లేపండి. ఒక పూట మొత్తం తిండి ముట్టకపోయినా, ఎప్పుడూ ఎగిరెక్కే కుర్చీ ఎక్కకుండా కిందే నిలబడి చూస్తూ ఉండిపోయినా గమనించండి.

టైం అయిపోయిందంటున్నారు, చెవుల గురించి సరిగ్గా మొదలెట్టనేలేదు. ఫోన్లో మీ పిల్లి వీడియోలు ఉన్నవాళ్లు ముందుకు రండి, అవి చూస్తూనే మాట్లాడుకుందాం.