ఆగిపోయిన యంత్రం దగ్గరికైనా పిల్లల్ని వెళ్లనిద్దాం

అందరికీ నమస్కారం.

2024 ఆగస్టు 5న పాల్వంచలో కేటీపీఎస్, అంటే కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం, పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చేశారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నాకైతే ఆ రోజు పదిమంది పంపారు. టవర్ ఊరంతటికీ కనిపిస్తుంది కాబట్టి అది కూలితే ఊరంతటికీ తెలిసింది. లోపల టర్బైన్, అంటే ఆవిరో నీరో తోస్తే తిరిగి కరెంటు పుట్టించే చక్రం, చివరిసారి ఆగిన రోజు మాత్రం ఆ షిఫ్టులో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఈ రోజు మాట్లాడబోయేది ఆ టర్బైన్ గురించి.

నేను 33 ఏళ్లు హైడల్‌లో, అంటే నీటితో కరెంటు తీసే కేంద్రాల్లో, పనిచేశాను. రిటైరయ్యాక కెనడాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అందరిలాగే మమ్మల్నీ నయాగరా తీసుకెళ్లారు. మనవాళ్లు అక్కడ జలపాతం చూస్తారు, పడవ ఎక్కుతారు, ఫొటోలు దిగి వచ్చేస్తారు. కెనడా వైపు, జలపాతానికి కాస్త ఎగువన, నది ఒడ్డునే ఒక పాత రాతి కట్టడం ఉంది. నన్ను అడిగితే జలపాతం ముందు ఒక గంట గడిపితే దాంట్లో మూడు గంటలు గడపాలి.

అది 1905లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన కేంద్రం. కెనడియన్ నయాగరా పవర్ కంపెనీ కట్టింది. మొత్తం 11 యూనిట్లు, ఒక్కో యూనిట్ అంటే ఒక టర్బైన్, దాంతో తిరిగే ఒక జనరేటర్. వందేళ్లకు పైగా నడిచి 2006లో ఆగింది. పాడైపోయి ఆగిందనుకునేరు, కాదు. అక్కడ నీటికి దొరికే ఎత్తు తక్కువ. అదే నీటిని దిగువనున్న సర్ ఆడమ్ బెక్ కేంద్రాలకు మళ్లిస్తే చాలా ఎక్కువ కరెంటు వస్తుంది. పైగా ఈ యూనిట్లు 25 హెర్ట్జ్‌వి, అంటే కరెంటు సెకనుకు 25 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. మన ఇళ్లలో 50, అక్కడి ఇళ్లలో 60. పెద్ద మోటార్లకు ఆ రోజుల్లో 25 బాగా కుదిరేది, కానీ దాంతో బల్బు వెలిగిస్తే రెపరెపలాడుతున్నట్టు కంటికి తెలిసిపోతుంది. అందుకే అది మెల్లగా వాడకం నుంచి తప్పుకుంది. మొత్తానికి యంత్రాలు బాగున్నా వాటి కాలం అయిపోయింది.

స్క్రాప్ కింద అమ్మేయకుండా యంత్రాలను ఎక్కడివి అక్కడే ఉంచి, 2021లో ఆ కేంద్రాన్ని జనానికి తెరిచారు. హాల్లోకి అడుగుపెడితే నీలం రంగు జనరేటర్లు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా వరసగా కనిపిస్తాయి. అన్నీ నిలువు షాఫ్టు యంత్రాలు. జనరేటర్ మన కళ్ల ముందు ఉంటుంది, టర్బైన్ ఎక్కడో పాతాళంలో ఉంటుంది. రెంటినీ కలిపేది ఆ షాఫ్టే. అద్దాల లిఫ్టులో 180 అడుగులు కిందికి దిగుతుంటే రాతిని తొలిచిన గొయ్యి, నీటిని కిందికి దించే పెద్ద గొట్టాలు (పెన్‌స్టాకులు), షాఫ్టులు ఒక్కొక్కటిగా పక్కనుంచి పైకి జరిగిపోతాయి. ఏ నీరు ఎక్కడ పడింది, ఏది తిరిగింది, దాంతో పైన ఏది తిరిగింది అన్నది ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. నేను కొత్త ఇంజనీర్లకు బోర్డు మీద బొమ్మలు గీసి వారం రోజులు చెప్పిన పాఠం ఆ లిఫ్టు ఒక్కసారి దిగితే వచ్చేస్తుంది.

కిందికి దిగాక ఒక సొరంగం ఉంటుంది. టర్బైన్లను తిప్పి వదిలేసిన నీరు నదిలోకి పోయే దారి, మన భాషలో టెయిల్ రేస్. పొడవు 2,200 అడుగులు. 2022లో దాన్ని కూడా తెరిచారు. లాంతర్ల వెలుతురులో, పలుగూ పారా డైనమైట్‌తో తవ్విన సొరంగం అది. గోడలకు ఇటుక లైనింగ్. నేను ఒకచోట ఆగి ఇటుకల మధ్య అతుకు మీద వేలు పెట్టి చూశాను. వందేళ్లు నీరు ఒరుసుకుంటూ పోయిన గోడ, ఆ అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తాపీమేస్త్రీల పేర్లు ఎక్కడా రాసి ఉండవు. సొరంగం చివరికి వెళ్తే ఎదురుగా జలపాతం అడుగు, మొహం మీద తుంపర.

మా మనవడికి తొమ్మిదేళ్లు. తిరిగి పైకి వచ్చాక వాడు అడిగాడు: "తాతయ్యా, మీ పవర్‌హౌస్ కూడా ఇలాగే ఉంటుందా?"

"దాదాపు ఇలాగే రా. కాకపోతే మాది నడుస్తూ ఉంటుంది."

"మరి నన్ను ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదేం?"

నా దగ్గర జవాబుంది. నడిచే కేంద్రంలోకి పాస్ లేకుండా ఎవరినీ రానివ్వరు, పిల్లల్ని అసలే రానివ్వరు. రానివ్వకూడదు కూడా. కానీ ఆ రోజు వాడికి ఆ మాట చెబుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. పిల్లాడు దగ్గరగా వెళ్లి చూడగలిగేది ఆగిపోయిన టర్బైన్ ఒక్కదాన్నే. దాన్ని కూడా స్క్రాప్‌కు పంపేస్తే, కరెంటు ఎలా పుడుతుందో కళ్లారా చూసే అవకాశం వాడికి ఇక ఎక్కడా ఉండదు.

ఇంకో యంత్రం గురించి కూడా చెప్పాలి. అది ఆవిరితో నడిచే కర్టిస్ టర్బైన్. 1903లో షికాగోలో ఫిస్క్ స్ట్రీట్ కేంద్రంలో పెట్టారు. 5,000 కిలోవాట్లు. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు అంతకుముందు అంత పెద్దది చేయలేదు. చేయించినాయన షికాగో కరెంటు కంపెనీ అధిపతి శామ్యూల్ ఇన్సల్. మొదటిసారి ఆవిరి వదిలే రోజు ఇంజనీరు సార్జెంట్ ఆయన్ని బయటికి వెళ్లిపొమ్మన్నాడట, ఇది పేలినా పేలవచ్చని. పేలితే ఎటూ నేనూ దీంతోనే పోతానని ఇన్సల్ అక్కడే నిలబడ్డాడని చెబుతారు. పేలలేదు. ఆరేళ్లకే ఆ స్థలంలోనే 12,000 కిలోవాట్ల యంత్రాలు వచ్చాయి. అంత త్వరగా పాతబడిన దాన్ని కరిగించకుండా న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో, దాన్ని తయారుచేసిన జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ దగ్గరే, సాహసానికి స్మారకంగా నిలబెట్టారు. ఏమీ చేయకపోవడం కంటే ఇది ఎంతో నయం. అయినా నా మనసు నయాగరా వైపే మొగ్గుతుంది. గొయ్యి, నీటి దారి, షాఫ్టు అన్నీ ఉన్నచోట ఉంటేనే యంత్రం అర్థమవుతుంది. పార్కులో పెట్టిన రోటర్, అంటే యంత్రంలో తిరిగే భాగం, అందంగా ఉంటుంది కానీ దేంతో తిరిగిందో చెప్పదు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో నిజాం కాలంలో థర్మల్ కేంద్రం పెట్టారు. 22.5 మెగావాట్లు. హైదరాబాద్ ఇళ్లలో దాంతో లైట్లు వెలిగాయి. 1990ల్లో దాన్ని కూల్చేశారు. ఇప్పుడు ఆ వైపు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ థియేటర్లు ఉన్నాయి. సినిమాకు వెళ్లే కుర్రాళ్లను ఇక్కడ ఏముండేదని అడిగి చూడండి. నాకు కోపం రాదు, బాధేస్తుంది. రామగుండంలో 1971 నాటి 62.5 మెగావాట్ల యూనిట్ కూడా 2024లో ఆగింది.

అందుకే నా విన్నపం చిన్నది. మూసేసిన ప్రతి కేంద్రంలోనూ టెండర్ పిలిచేముందు ఒక్క యూనిట్ పక్కన పెట్టండి. మొత్తం వీలుకాకపోతే పైకవరు ఎత్తేసి, రోటరూ బ్లేడ్లూ కనిపించేలా దాని ఫౌండేషన్ మీదే ఉంచండి. పిల్లల చేతికి అందేలా ఉంచండి. పక్కన బోర్డు మీద మెగావాట్లతో పాటు దాన్ని నడిపిన షిఫ్టుల వాళ్ల పేర్లూ రాయండి. ఆ పేర్లు తెలిసినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు, ఇంకా ఆలస్యం చేస్తే ఉండరు.

మీకోసం ఒక వస్తువు తెచ్చాను. అది గైడ్ బేరింగ్ ప్యాడ్, తిరిగే షాఫ్టు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే దిమ్మ. ఓవర్‌హాలింగ్‌లో తీసేసిన దాన్ని నేను రిటైరైన రోజు మా వాళ్లు జ్ఞాపకంగా ఇచ్చారు. అరచేయంత ఉక్కు మీద వైట్ మెటల్ అనే మెత్తటి లోహం పూత. దాని మీద చిన్న చిన్న చంద్రవంకల్లాంటి గీతలు కనిపిస్తాయి. నీలం రంగు పూసి, షాఫ్టుకు ఆనించి, ఎక్కడ రంగు అంటిందో చూసి, అక్కడ చేత్తో గీకి మళ్లీ ఆనిస్తారు. అలా రాత్రింబవళ్లు గీకిన గుర్తులు అవి. నడిచేటప్పుడు షాఫ్టుకూ దీనికీ మధ్య ఉండేది పలచటి నూనె పొర మాత్రమే. తలుపు పక్కన బల్ల మీద పెట్టాను. వెళ్లేటప్పుడు ఒక్కసారి చేతిలోకి తీసుకోండి, గీతల మీద వేలు పెట్టి చూడండి.