ఎడం మారితే రంగు మారుతుంది

సభకు నమస్కారం.

మాట మార్చేవాణ్ణి ఊసరవెల్లి అంటాం. ఆ ప్రాణికి మనం అన్యాయం చేస్తున్నాం. మడగాస్కర్‌లోని పాంథర్ ఊసరవెల్లి చర్మం గురించి జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వెల్లడించిన సంగతి వినండి. దాని చర్మకణాల్లో గ్వానైన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు బారులు తీరి ఉంటాయి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒళ్లు ఆకుపచ్చగా కనిపిస్తుంది. మరో మగది ఎదురుపడితే వాటి మధ్య ఎడం పెరుగుతుంది, పసుపు, నారింజ పైకి తేలతాయి. కొత్త రంగు పదార్థమేదీ పుట్టలేదు. ఎడం మారింది, దాంతో తిరిగి వచ్చే వెలుగు మారింది, అంతే.

ఇదిగో, ఇది పిల్లల నుదుటికి ఆనించే జ్వరం పట్టీ. నల్లగా ఉంది కదా? నా నుదుటికి పెట్టుకుంటున్నాను. ముందు వరుసలోని అమ్మలు చెప్పండి, ఏ అంకె దగ్గర ఆకుపచ్చ కనిపిస్తోంది? బ్యాటరీ లేదు, తీగ లేదు. లోపల ఉన్నవి ద్రవ స్ఫటికాలు, అంటే ద్రవంలా పారుతూనే స్ఫటికంలా వరుస తప్పని పదార్థాలు. వాటి అణువులు మెలి తిరిగిన మెట్లలా పేర్చుకుంటాయి. వేడి తగిలితే ఆ మెలిక బిగుస్తుంది, తిరిగి వచ్చే వెలుగు మారుతుంది. పసిగట్టడం, చూపించడం రెండూ ఒకటే పని.

1888లో ప్రేగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్ట్రాల్ నుంచి చేసిన ఒక పదార్థాన్ని వేడి చేస్తుంటే, అది 145.5 డిగ్రీల దగ్గర మసకగా కరిగింది, 178.5 దగ్గర తేటపడింది. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటని ఆయన భౌతిక శాస్త్రవేత్త ఓటో లేమన్‌కు ఉత్తరం రాశారు. ఆ మసక స్థితే ద్రవ స్ఫటికం; ఈ పట్టీకి మూలం అదే.

నా మనసు ఎక్కువగా లాగేది కట్టు దగ్గర. కాళ్లలో నరాలు ఉబ్బి పుండ్లు పడినవారికి బిగువు కట్టు కడతారు. వదులైతే పుండు మానదు, మరీ బిగిస్తే రక్తం ఆడదు. ఎంత బిగించాలో కట్టేవారి చేతి అనుభవమే చెప్పాలి. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారు 2018లో దీనికి ఒక దారం చూపించారు. రబ్బరులా సాగే పలుచని పొరలను చాపలా చుట్టి చేసినది. లాగేకొద్దీ పొరలు పలచబడి రంగు మారుతుంది. ఆ దారాన్ని కట్టులో కుట్టి, ఏ బిగువుకు ఏ రంగో తెలిపే పట్టికను పక్కన పెడితే, కట్టడం కొత్తగా నేర్చుకునేవారు కూడా సరైన చోట చెయ్యి ఆపగలరు.

ఒక చిక్కుంది. ఇలాంటి రంగులు చూసే కోణాన్ని బట్టి కాస్త మారతాయి. పైగా ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్లు మన మధ్య చాలానే ఉన్నాయి. అందుకే ఇక్కడున్న విద్యార్థులను అడుగుతున్నాను: బిగువు సరిపోగానే రంగుతో పాటు ఒక గీతో చుక్కో కూడా తేలేలా ఆ కట్టును తయారు చేయగలరేమో ఆలోచించండి.